సెన్సర్లు నట్టువాంగం చేతిలో ఉండాలి

సంపాదకులకు,

నర్తకి కదలికను సెన్సర్లతో పసిగట్టి, దానికి తగ్గట్టు సంగీతాన్నీ తెర మీది దృశ్యాలనూ అప్పటికప్పుడు మార్చే ప్రదర్శనల గురించి మా నృత్య విద్యార్థులు ఎంతో ఆసక్తిగా అడుగుతున్నారు. ఆ ఆసక్తిని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తూనే, ఆ పరికరాల పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చుకోవాలని మనవి చేస్తున్నాను.

పక్కవాద్యాల ఖర్చు భరించలేక విశాఖలో మాలాంటి చిన్న నృత్య పాఠశాలలు తరచూ రికార్డు చేసిన పాటకే పిల్లల చేత ఆడిస్తున్నాయి. పెన్‌డ్రైవ్‌లోని పాట ఎవరి కోసమూ ఆగదు. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలదొక్కుకోవడానికి అమ్మాయికి ఒక్క క్షణం ఆలస్యమైతే, తర్వాతి జతి (అడుగుల లయకు పలికే సొల్లుల వరుస) అంతా ఆమె పాట వెంట పరుగెత్తవలసిందే. తాళాలు వాయిస్తూ, జతులు పలుకుతూ నాట్యాన్ని నడిపే నట్టువాంగం చేసేవారు పక్కన ఉంటే ఆమె పాదం చూసి, తాళం మరో ఆవృత్తం నడిపి, ఆమె కుదురుకున్నాకే జతి ఎత్తుకుంటారు. ఆ వెసులుబాటు కొంతైనా తిరిగి వస్తుందనే సెన్సర్లను కోరుతున్నాను.

1965లో న్యూయార్క్‌లో సంగీతకర్త జాన్ కేజ్, నృత్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్ ‘వేరియేషన్స్ ఫైవ్’ను ప్రదర్శించినప్పుడు యాంటెన్నాలు, వెలుతురు మార్పును పసిగట్టే ఫోటోసెల్‌లు నర్తకుల కదలికను పట్టుకున్నాయి. అయినా ఏ ధ్వని ఎంత వినిపించాలో మిక్సర్ల దగ్గర ఉన్న సంగీతకారులే నిర్ణయించారు. మన నట్టువాంగ సంప్రదాయానికి ఈ ఏర్పాటు చాలా దగ్గరగా ఉంది.

గజ్జెల కింద కట్టే యాక్సెలరోమీటర్ పాదం నేలను తాకినప్పటి కుదుపును గుర్తిస్తుంది. ఒక్క తట్టుకే ఆ కుదుపు రెండు మూడు సార్లు నమోదు కావచ్చు కాబట్టి, ఒకసారి గుర్తించాక కొద్దిసేపు స్పందించకుండా ఉండేలా ప్రోగ్రామ్ రాస్తారు. ఆ విరామాన్ని 150 మిల్లీసెకన్లుగా పెట్టారనుకుందాం. నిమిషానికి 60 తాళపు దెబ్బల కాలప్రమాణంలో, దెబ్బకు ఎనిమిది అడుగులు పడే చోట, అడుగుకూ అడుగుకూ మధ్య 125 మిల్లీసెకన్లే ఉంటాయి. అదే కాలితో వెంటవెంటనే తట్టితే రెండో అడుగు లెక్కలోకే రాదు. విరామం మరీ తగ్గిస్తే గజ్జెల అదురే అడుగుగా మోగుతుంది. ఏ జతికి ఎంత విరామం కావాలో ఇంజినీరు ఒక్కరే చెప్పలేరు, జతి తెలిసినవారు పక్కన కూర్చోవాలి.

కెమెరా పద్ధతిలో ఒంటికి ఏమీ కట్టుకోనక్కరలేదు. అయితే సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరాలో చిత్రానికీ చిత్రానికీ మధ్య దాదాపు 33 మిల్లీసెకన్లు గడుస్తాయి, లెక్క కట్టే సమయం దానికి అదనం. చేతి విసురుతో తెర మీద రంగులు మార్చడానికి అది చాలు, పాదఘాతానికి చాలదు. ఇక పాట భావాన్ని ముఖంతో, చేతులతో పలికించే పదాభినయం వేళ తెరను పూర్తిగా ఆపేయాలన్నది నా దృఢాభిప్రాయం, ప్రేక్షకుల చూపు అప్పుడు నర్తకి కళ్ల మీదే ఉండాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీతం, రంగస్థల కళలు, ఇంజినీరింగ్ మూడూ ఉన్నాయి. ఆ విభాగాలు కలిసి, నగరంలోని నట్టువాంగ కళాకారులను, మృదంగ విద్వాంసులను తగిన పారితోషికంతో పిలిచి, ధ్వనిని అప్పటికప్పుడు మలచగల ప్యూర్ డేటా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక కార్యశాల నిర్వహించాలని కోరుతున్నాను. అలాగే సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం వంటి వేదికల్లో, ప్రదర్శనకు ముందు రోజు సాంకేతిక రిహార్సల్‌కు కొన్ని గంటలు తక్కువ అద్దెకు ఇవ్వాలి. చెక్క నేల, సిమెంటు నేల ఒకేలా అదరవు కనుక, పాఠశాలలో సరిచూసుకున్న సెన్సర్‌ను వేదిక మీద మళ్లీ సరిచూసుకోక తప్పదు.

– ఒక నాట్యాచార్యురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం