జెండా రంగులకి మతాలు అంటగట్టకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆగస్టు 15 మర్నాడు మన జిల్లా పేజీలో జెండా చరిత్ర అని ఒక బాక్స్ వేశారు కదా, ఆ రోజే రాద్దామనుకున్నాను, కోపం తగ్గాక రాద్దామని ఆగితే వారమైనా తగ్గలేదు. కాషాయం హిందువులది, ఆకుపచ్చ ముస్లింలది, తెలుపు మిగతావాళ్ళది అని వేసేశారు. ఇప్పుడున్న జెండాని ఉన్నదున్నట్టు పింగళి వెంకయ్య గారు 1921లోనే గీసి ఇచ్చారని కూడా రాశారు.

వెంకయ్య గారంటే నాకూ చాలా గౌరవం. కానీ బెజవాడలో ఆయన గాంధీ గారికి చూపించింది ఎరుపు, ఆకుపచ్చ జెండా. తెలుపు కూడా ఉండాలన్నది గాంధీ గారు, మధ్యలో రాట్నం. అప్పట్లో రంగులకి మతాల లెక్క చెప్పిన మాట నిజమే, దానిమీద గొడవలు అయ్యాయి కాబట్టే 1931లో కాంగ్రెస్ వాళ్ళు ఎరుపు తీసి కాషాయం పెట్టి, ఈ రంగులకి మతంతో సంబంధం లేదని తేల్చి చెప్పేశారు. కాషాయం అంటే ధైర్యం, త్యాగం. తెలుపు సత్యం, శాంతి. తొంభై ఏళ్ళ కిందట పెద్దవాళ్ళు తీర్చేసిన తగువుని మీరు మళ్ళీ పిల్లల బుర్రల్లోకి ఎక్కిస్తే ఎలాగండీ?

చక్రం గురించి అయితే ఒక్క ముక్కా లేదు. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు సారనాథ్ స్తంభం మీదున్న అశోకుడి చక్రాన్ని పెట్టింది, 24 ఆకులు. ఆ అశోకుడు మారింది కళింగ యుద్ధం తర్వాత, కళింగ అంటే మన వైపే, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు ఇప్పటికీ ఉన్నాయి. మన జిల్లా పేజీలో రాయాల్సింది అది కాదా?

ఇంక మా వీధిలో పంచిన జెండాల సంగతి. చక్రం కోడిగుడ్డులా ఉంది, మా బాబు ఆకులు లెక్కపెట్టి 20 అన్నాడు, పొడవు వెడల్పు 3:2 ఉండాలన్న ధ్యాసే లేదు. పంచినోళ్ళు ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. 16 పొద్దున్నకి రెండు జెండాలు మురుగు కాలవలో ఉంటే నేనే తీశాను. పాడైన జెండాని నలుగురిలో కాకుండా గౌరవంగా కాల్చాలని ఫ్లాగ్ కోడ్ చెప్తుంది, ఆ ముక్క పంచేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు.

అన్నీ పాలియెస్టరే. 2021 డిసెంబరులో రూల్ మార్చి పర్మిషన్ ఇచ్చారు, తెలుసు. మా పొందూరు సన్న ఖద్దరు జెండాలకి పనికిరాదు, దానికి దిట్టమైన గుడ్డ కావాలి, కర్ణాటకలో హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలో కుడతారు, అదీ తెలుసు. కానీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి మా అమ్మ ఇప్పటికీ రాట్నం ముందు కూర్చుంటుంది. ఒకప్పుడు ఆ రాట్నమే జెండా మధ్యలో ఉండేది. అలాంటి ఊళ్ళో కూడా మిల్లు జెండాలే పంచితే మనసు చివుక్కుమంటుంది.

దయచేసి సవరణ వేయండి. మూల ఎక్కడో చిన్నక్షరాల్లో కాదు, అదే పేజీలో, అంతే బాక్స్‌లో.

ఒక పాఠకురాలు,
పొందూరు, శ్రీకాకుళం జిల్లా