వార్షిక నివేదిక: మన ఊరి వాన్‌గార్డ్, మన పిల్లలు

శాంటా క్లారా తెలుగు కుటుంబాల సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఆదివారం తెలుగు బడిలో పాఠాలు చెప్పిన అమ్మలకి, తాతయ్యలకి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. జమాఖర్చుల లెక్కలు విడిగా పంపుతున్నాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు మాత్రం ఈ ఏడు కొత్తగా చేసిన ఒక్క పనికే ఇస్తున్నాను. అది మన ఊళ్లో పుట్టిన డ్రమ్ అండ్ బ్యూగల్ కోర్ (డ్రమ్ములు, బాకాలు వాయిస్తూ మైదానంలో కవాతు చేసే పిల్లల బృందం), శాంటా క్లారా వాన్‌గార్డ్ చరిత్ర మీద పెట్టుకున్న సాయంత్రం సభ.

దీనికి కారణం మన సభ్యుల ఇంటి పాపే. హైస్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తుంది. వాన్‌గార్డ్ ఆడిషన్‌కి వెళ్తానంది. వాళ్ల నాన్నగారు నాకు ఫోన్ చేసి, "సమ్మరంతా బస్సులో ఊళ్లు తిరుగుతారట, రాత్రిళ్లు స్కూల్ జిమ్ముల్లో నేల మీద పడుకుంటారట. పంపొచ్చంటారా?" అని అడిగారు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటూ, నా దగ్గర జవాబు లేకపోవడం నాకే కష్టంగా అనిపించింది.

సభకి రెండు రోజుల ముందు, మనం బుక్ చేసుకున్న హాలు వేరేవాళ్లకి ఇచ్చేశామని కబురొచ్చింది. చాలా టెన్షన్ పడ్డాం. చివరికి ఒక సభ్యుల పెరట్లో షామియానా వేసి, అక్కడే జరిపాం. ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచిదైంది, పిల్లలు వాయిద్యాల చుట్టూ నేల మీదే కూర్చున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మాజీ సైనికుల సంఘాలు ఊరూరా పిల్లలకి డప్పులు, బ్యూగల్స్ ఇచ్చి కవాతు నేర్పించాయి. పోటీలు పెట్టేదీ, రూల్స్ రాసేదీ ఆ సంఘాలే. మన ఊళ్లో స్పార్క్స్ అనే బృందం ఉండేది. అందులోంచి వచ్చిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు 1967లో వాన్‌గార్డ్‌ని మొదలుపెట్టారు. నడిపించింది గెయిల్ రోయర్ అనే స్కూలు టీచరు. నాలుగేళ్లు తిరిగేసరికి, పోటీలు తామే నడుపుకోవాలని దేశంలోని పెద్ద బృందాలు కలిసి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పెట్టుకున్నాయి. ఆ వ్యవస్థాపక బృందాల్లో మనదీ ఒకటి. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో తొలి ఛాంపియన్‌షిప్ జరిగితే మనవాళ్లు మూడో స్థానంలో వచ్చారు. 1973లోనూ, 1974లోనూ గెలిచారు. తర్వాత 1978, 1981లో కూడా. 1987, 1988లో వరుసగా రెండో స్థానం దగ్గరే ఆగిపోయి, 1989లో మళ్లీ కప్పు తెచ్చారు. 1999లో పక్కూరు కాంకర్డ్‌కి చెందిన బ్లూ డెవిల్స్‌తో సమంగా నిలిచారు. 2018లో ఇండియానాపొలిస్‌లో ఏడోసారి గెలిచారు. రోయర్ గారు 1993లో పోయారు.

ఆ సాయంత్రం నాకు ఎప్పటికీ గుర్తుండిపోయేది వేరే ఉంది. ఒకప్పుడు డ్రమ్ కోర్‌లో వాయించిన ఒక పెద్దాయన తన పాత జి శ్రుతి బ్యూగల్ తెచ్చారు. వెడల్పాటి మూతి అంచు దగ్గర చిన్న సొట్ట, నొక్కడానికి అడ్డంగా ఒకే ఒక్క వాల్వు. దాన్ని బొటనవేలితో నొక్కాలి. మన పాప ముందు ఏమీ నొక్కకుండా ఊదింది. స, ప, పై స, గ, మళ్లీ ప. అంతే, మిగతావి పలకలేదు. ఎన్‌సీసీ క్యాంపుల్లో తెల్లవారుజామున మనల్ని నిద్ర లేపిన బ్యూగల్‌కి ఉన్నవీ ఆ స్వరాలే. తర్వాత వాల్వు నొక్కితే వాయిద్యం మొత్తం కింది పంచమానికి దిగింది. అక్కడి నుంచి రి, ని వచ్చాయి. మ, ధ మాత్రం రాలేదు. వెనక కూర్చున్న మన సంగీతం టీచరమ్మ ఒక్కసారిగా లేచి, "స రి గ ప ని, ఇది హంసధ్వని కదమ్మా!" అన్నారు. ఆవిడ పాడుతుంటే పాప వెతుక్కుంటూ వాయించింది. పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు.

డ్రమ్ కోర్ పోటీల్లో రెండో వాల్వుకి 1977లో, మూడోదానికి 1990లో అనుమతి వచ్చింది. 2000 నుంచి ఏ శ్రుతి బాకా అయినా వాడుకోవచ్చు. క్లారినెట్, ఫ్లూట్ లాంటివి ఇప్పటికీ లేవు.

నాన్నగారి ప్రశ్నకి జవాబు కూడా అక్కడే దొరికింది. బస్సు నిజమే, నేల మీద పడక నిజమే. కానీ వెంట వంట ట్రక్కు వెళ్తుంది, అందులో రోజూ వండేది వాలంటీర్లు. వాళ్లలో చాలామంది తల్లిదండ్రులే. యూనిఫాంలు కుట్టేది, సామాను ఎక్కించి దించేది కూడా అలాంటివాళ్లే. ఏళ్ల తరబడి బింగో ఆటలు నడిపి డబ్బు కూడబెట్టింది కూడా ఈ బృందమే. అయినా 2023లో ఆర్థిక ఇబ్బందులతో వాన్‌గార్డ్ మైదానంలోకి దిగలేదు. 1972 నుంచి అప్పటిదాకా పోటీలు జరిగిన ఏ ఏడూ ఫైనల్స్ తప్పని బృందం అది. 2024లో తిరిగి వచ్చింది. ఆ ఏడాది మౌనం గురించి పెద్దాయన చెబుతుంటే పెరడంతా నిశ్శబ్దమైపోయింది. మన ఊరి ఇంత పెద్ద ఆస్తి కష్టంలో ఉన్నప్పుడు మనకి తెలియనే తెలియదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

అందుకే సర్వసభ్య సమావేశం ముందు కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. ఒకటి, సంక్రాంతి ఫుడ్ స్టాల్‌లో మిగిలిన డబ్బుని, ఏ డ్రమ్ కోర్‌కైనా ఎంపికైన మన పిల్లల ఫీజు సాయంగా పక్కన పెట్టడం. ఈ బృందాల్లో 21 ఏళ్లు దాటితే చోటుండదు కాబట్టి ఈ సాయాన్ని రేపటికి వాయిదా వేయలేం. రెండోది, వేసవిలో వంట ట్రక్కులో పనిచేయడానికి ముందుకొచ్చే సభ్యుల పేర్లు సేకరించి వాన్‌గార్డ్ వాళ్లకి అందించడం. వందలమందికి పులిహోర కలిపిన చేతులు మన దగ్గర చాలా ఉన్నాయి. పాప వాళ్ల నాన్నగారు తన పేరు ముందే రాసిచ్చారు.

మీ కార్యదర్శి