శాతం కాదు, మనుషుల లెక్క రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ ఆరోగ్యం పేజీలో మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టేందుకు తీసే ఎక్స్‌రే) మీద వచ్చిన వ్యాసానికి ‘ఈ పరీక్ష 90 శాతం కచ్చితం!!!’ అని శీర్షిక పెట్టారు. అది వచ్చిన నాలుగో రోజున ఒక క్యాంపులో మా తోడికోడలికి అదే పరీక్షలో పాజిటివ్ వచ్చింది. ఇక చూడండి మా ఇంట్లో టెన్షన్. మా మరిది ఆ పేపరు ముక్క కత్తిరించి జేబులో పెట్టుకొచ్చి, ‘వదినా, 90 శాతం అంటే ఇక ఉన్నట్టేగా’ అని నా ముందు కూలబడ్డాడు. డాలస్‌లో ఉన్న కొడుకు టికెట్ బుక్ చేసుకున్నాడు. ఆమె మాత్రం ఏడవలేదు. బీరువా తెరిచి ఏ చీర ఎవరికివ్వాలో వేరుచేసి పెట్టింది.

నేను 31 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మొదట నాకూ మరిది మాటే నిజమనిపించింది. రాత్రి నిద్ర పట్టక కాగితం, పెన్ను తీసుకున్నాకగానీ తిరకాసు ఎక్కడుందో తట్టలేదు.

తెల్లవారాక చింతగింజల డబ్బా తెచ్చి అరుగు మీద పోశాను. ‘వెయ్యి మంది ఆడవాళ్లు పరీక్షకు వచ్చారనుకోండి. వాళ్లలో 10 మందికి జబ్బుందనుకోండి. పరీక్ష అందులో 9 మందిని పట్టుకుంటుంది. ఆ పేపరు చెప్పిన 90 శాతం ఇదే. కానీ జబ్బు లేని 990 మందిలోనూ నూటికి 9 మందికి ఉన్నట్టు పొరపాటుగా చూపిస్తుంది. వాళ్లు 89 మంది. మొత్తం పాజిటివ్‌లు 98’ అన్నాను. 98 గింజలు లెక్కపెట్టి, తొమ్మిదింటికి సున్నం బొట్టు పెట్టి కలిపేసి, తోడికోడల్ని కళ్లు మూసుకుని తియ్యమన్నాను. ఆరుసార్లు బొట్టు లేని గింజే వచ్చింది. ఏడోసారి బొట్టు గింజ వచ్చింది. మరిది గతుక్కుమన్నాడుగానీ ఆమె బెదరలేదు. ‘పదికి ఒకటి అన్నమాట, అక్కా’ అంది.

ఈ అంకెలు నావి కావు. జర్మనీలో గెర్డ్ గిగరెంజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇవే అంకెల్ని శాతాల్లో ఇచ్చి, పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంతని 160 మంది గైనకాలజిస్టులను అడిగారు. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. సరిగ్గా చెప్పింది 21 శాతం మంది. కళ్లు మూసుకుని టిక్కు పెట్టినా 25 శాతం రావాలి! ఎక్కువమంది పదికి ఎనిమిదో తొమ్మిదో అన్నారు. శాతాలను ‘వెయ్యి మందిలో ఇంతమంది’ అని మార్చుకోవడం నేర్పాక 87 శాతం మంది సరిగ్గా చెప్పారు.

డాక్టర్లకు బుర్ర లేక కాదు. జబ్బున్నవాళ్లలో ఎంతమందికి పాజిటివ్ వస్తుందన్నది ఒక ప్రశ్న. పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి జబ్బుందన్నది ఇంకొకటి. మనసు మనకు తెలియకుండానే ఒకదాని చోట ఇంకొకటి పెట్టేస్తుంది. మా బడిలో ఫస్ట్‌క్లాసు వచ్చినవాళ్లంతా ట్యూషన్‌కి వెళ్లినవాళ్లే. ట్యూషన్‌కి వెళ్లినవాళ్లందరికీ ఫస్ట్‌క్లాసు వచ్చిందా మరి?

వయసును బట్టి, ఊరిని బట్టి ఈ అంకెలు మారతాయి. పరీక్షలు మానెయ్యమనీ నేననడం లేదు. పాజిటివ్ వస్తే తర్వాతి పరీక్ష చేయించుకోవలసిందే. ఆమె చేయించుకుంది. 11 రోజులకు బయాప్సీలో, అంటే చిన్న ముక్క తీసి చూసే పరీక్షలో, ఏమీ లేదని తేలింది. ఆ 11 రోజులు మా మరిది అన్నం సరిగ్గా తినలేదు.

పేపర్లలో వచ్చే ‘రెట్టింపు’ అన్న మాటదీ ఇదే వరస. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో, కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని మందుల భద్రతా కమిటీ హెచ్చరించింది. పత్రికలు అందుకున్నాయి. రెట్టింపంటే ఎంతనుకున్నారు? 7 వేల మందిలో ఒకరికి బదులు ఇద్దరు. భయపడి చాలామంది మాత్రలు ఆపేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు అదనంగా 13 వేల దాకా జరిగాయని అంచనా. అసలు గర్భం వల్లనే రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలకంటే ఎక్కువ.

కాబట్టి నేనడిగేది ఒక్కటే. ముప్పు అని రాసినప్పుడల్లా ఎంతమందిలో ఎంతమందికో ఒక వాక్యం చేర్చండి. చోటు చాలదంటే శీర్షిక చివరి మూడు ఆశ్చర్యార్థకాలు తీసేయండి.

– ఒక విశ్రాంత లెక్కల టీచరు, తెనాలి