తెల్లవారుజామున తప్పిన తేదీ

ఎడిటర్ గారికి,

భీమవరం దగ్గర మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. చూసుకునేది మా నాన్నగారు. నేను ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. పోయిన నెల 12న తెల్లవారుజామున నాలుగింటికి పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అయి కాటా పడింది. కొన్నవాళ్ళ యాప్‌లో వచ్చిన బిల్లు మీద మాత్రం 11 అని ఉంది. 12న నలభై కౌంటు (కేజీకి నలభై తూగే రొయ్యలు) రేటు కేజీకి పది రూపాయలు పెరిగింది. మాకు కట్టింది ముందురోజు రేటు. "పంచాంగంలో సూర్యోదయం అయితేగానీ రోజు మారదు కదా, మీ కంప్యూటరూ అదే పాటిస్తోందేంట్రా?" అన్నారు నాన్నగారు.

ఎగతాళికే అన్నా దాదాపు అసలు సంగతే చెప్పారు. కంప్యూటర్ సమయాన్ని దాచుకునే టైమ్‌స్టాంప్ అంటే 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్ల లెక్క. ఆ అర్ధరాత్రి యూటీసీది, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే సమయానిది, మనది కాదు. అందులో తేదీ అంటూ ఉండదు; ఏ ఊరి గడియారంతో చూస్తే ఆ ఊరి తేదీ వస్తుంది. మనం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందున్నాం. సర్వర్ యూటీసీలో నడుస్తుంటే, ఏ దేశపు టైమో (జోన్) చెప్పకుండా టైమ్‌స్టాంప్‌ని డేట్‌గా మారిస్తే, తెల్లారి ఐదున్నరలోపు జరిగినదంతా నిన్నటి ఖాతాలో పడుతుంది. ఆఫీసు వేళల్లో టెస్ట్ చేసేవాళ్ళకు ఇది కనబడదు. మా సరుకేమో ఎండ రాకముందే లారీ ఎక్కాలి.

ఫోన్ చేసి చెబితే సరిచేశామన్నారు. సేవ్ చేసేటప్పుడు ఐదున్నర గంటలు కలిపామని వాళ్ళ కుర్రాడే చెప్పాడు. బిల్లు తేదీ కుదిరింది గానీ, ఫోన్‌లో యాప్ తన వంతుగా మళ్ళీ ఐదున్నర కలుపుకుంటోంది. ఇప్పుడు సాయంత్రం ఆరున్నర దాటాక వేసిన కాటాలు మర్నాటివిగా కనబడుతున్నాయి! ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే చేశాను కాబట్టి ఆ కుర్రాడి మీద కోపం లేదు.

టైమ్‌స్టాంప్‌ని ముట్టుకోకూడదు. యూటీసీలోనే ఉంచి, తేదీ తీసే చోట మాత్రం 'ఏషియా/కోల్‌కతా' అని మన దేశపు జోన్ రాయాలి. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇన్‌స్టంట్‌కి (టైమ్‌స్టాంప్‌కి) ఆ జోన్ తగిలించి లోకల్‌డేట్ (మన తేదీ) తీసుకుంటే సరి, ఒక్క లైను పని. మన దేశపు టైంకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగానే పోతుంది. అయినా ఆ ఒక్క లైను రాయడానికి మనవాళ్ళకే బద్ధకం.

రోజూ రొయ్యల రేట్లు చూసుకునే రైతులు మీ పత్రిక చదువుతారు గనుక రాస్తున్నాను. తెల్లవారుజామున పట్టుబడి చేసేవాళ్ళు బిల్లులో తేదీ చూసుకోండి, కాటా పడిన టైం కూడా రాయించుకోండి. మా పది రూపాయల తేడా ఇంకా రాలేదు.

— ఒక రొయ్యల రైతు కొడుకు, భీమవరం