సభ లేని కేబినెట్

సంపాదకులకు,

పాలస్తీనా కేబినెట్‌ను మన పత్రికలు ‘టెక్నోక్రాట్ల ప్రభుత్వం’ (రాజకీయ నాయకులు కాక నిపుణులు నడిపేది) అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాయి. 2024 మార్చిలో అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ ప్రధానిగా నియమించిన మొహమ్మద్ ముస్తఫా ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఆర్థికవేత్తే. విదేశాంగ శాఖను కూడా మొదట ఆయనే చూశారు. అంతవరకు సరే. కానీ అక్కడ రాజ్యాంగంలా పనిచేసే మౌలిక చట్టం ప్రకారం కొత్త కేబినెట్ శాసనసభ విశ్వాసం పొందాలి. ఆ సభకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2006లో! (గెలిచింది హమాస్.) 2018లో సభనే రద్దు చేశారు. అబ్బాస్ ఎన్నికైందీ 2005లోనే, అదీ నాలుగేళ్లకు. మరి మంత్రులను నిలదీసేదెవరు? గాజా వాళ్లకూ మంత్రి పదవులిచ్చారు, నిజమే. గాజాలో పాలన మాత్రం 2007 నుంచే ఈ ప్రభుత్వం కొలువుండే రామల్లా చేతిలో లేదు. మంత్రుల పేర్లతో పాటు ఈ సంగతి కూడా రాయండి.

– ఒక పాఠకుడు, గుంటూరు