మీ మోటార్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

మా వర్క్‌షాపుకు మోటార్లు, పంపుసెట్లు తెచ్చే రైతులకు, ఇతర ఖాతాదారులకు నమస్కారం.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు మా దగ్గర రివైండింగుకు, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టడానికి, ఇచ్చిన మోటార్లలో పదిహేడింటిని చెప్పిన రోజు దాటి వారం తర్వాత గాని ఇవ్వలేకపోయాము. వాటిలో రెండు మోటార్లు బిగించిన పది రోజులకే మళ్లీ కాలిపోయి తిరిగి వచ్చాయి. నాట్లు వేసే రోజుల్లో మోటారు లేక మడి నెర్రెలు విచ్చుతుంటే మనిషికి అన్నం సహించదని రైతు ఇంట పుట్టిన నాకు తెలుసు. రాగి తీగ దొరకలేదనో, కరెంటు లేదనో సాకు చెప్పడం నాకు ఇష్టం లేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏళ్లుగా మా దగ్గర పనిచేసిన ఇద్దరు వైండర్లు ఏప్రిల్‌లో సొంతంగా షాపు పెట్టుకున్నారు. వాళ్ల స్థానంలో పని తెలిసినవాళ్లను వెతికే అవకాశం ఉన్నా, నేను ముగ్గురు మాజీ సైనికులను తీసుకున్నాను. ఒకాయన సైన్యంలోని సమాచార విభాగం సిగ్నల్స్‌లో హవల్దారుగా, ఒకాయన కాల్బలం ఇన్‌ఫెంట్రీలో నాయక్‌గా పనిచేసి వచ్చారు. మూడో ఆయన మాత్రమే నాలాగా సైన్యంలో యంత్రాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగం మనిషి, అంటే సికింద్రాబాద్‌లో శిక్షణ పొంది జనరేటర్లు, మోటార్లు విప్పి బిగించినవాడు. మిగిలిన ఇద్దరికీ పని మొదటి నుంచి నేర్పాలని తెలిసే తీసుకున్నాను. అయితే నేర్చుకోవడానికి పట్టే కాలాన్ని లెక్కలో వేసుకోకుండా మీ అందరికీ పాత తేదీలే చెబుతూ వచ్చాను. ఆలస్యానికి మూలమైన తప్పు అదే, అది నాది.

ఎందుకు తీసుకున్నానో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి. పదిహేడేళ్ల సర్వీసు తర్వాత ముప్పై ఏడో ఏట నేను ఇంటికి వచ్చాను. సాధారణంగా ఒక జవాను పింఛనుతో బయటికి వచ్చేది ఇలా ముప్పై ఐదు, నలభై ఏళ్ల మధ్యనే. పిల్లల చదువులు, తల్లిదండ్రుల వైద్యం, ఇంటి అప్పు అన్నీ మీద పడే వయసు అది. ఆ సమయంలోనే చేతికి పెద్ద మొత్తం వస్తుంది. సైనికుడు తన పింఛనులో సగం వరకు కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ఆ భాగాన్ని ముందే ఏకమొత్తంగా తీసుకోవచ్చు. ఆ మేరకు నెల పింఛను తగ్గుతుంది, పదిహేనేళ్ల తర్వాత గాని పూర్తి పింఛను తిరిగి మొదలు కాదు. కరువు భత్యం మాత్రం కోతకు ముందున్న అసలు పింఛను మీదే లెక్కకడతారు, అదొక్కటే ఊరట. నేను ఆ కమ్యుటేషన్ సొమ్మును, గ్రాట్యుటీని, గ్రూప్ ఇన్సూరెన్సు డబ్బును కలిపి, బాగా తెలిసిన ఒక మనిషి మాట మీద ప్లాట్ల వ్యాపారంలో పెట్టాను. పద్నాలుగు నెలల్లో అంతా పోయింది. సర్వీసులో ఉన్నంతకాలం నా రేషను, నా బట్టలు, నా క్వార్టరు, పిల్లల బడి అన్నీ ఎవరో ఒకరు చూసినవే. కరెంటు బిల్లు కట్టడం కూడా నేను ముప్పై ఏడో ఏటే నేర్చుకున్నాను. అలాంటి మనిషి చేతిలో ఒకేసారి లక్షలు పెట్టి, ఎదుట ఒక దళారిని నిలబెడితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే మా దగ్గరికి వచ్చిన ముగ్గురికీ మొదటి రోజే ఒక మాట చెప్పాను: ఆ డబ్బును ఏడాది పాటు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచండి, ఈ ఏడాది ఇల్లు గడవడానికి పింఛనుతో పాటు నేనిచ్చే జీతం చాలుతుంది.

ఇక కాలిపోయిన ఆ రెండు మోటార్ల సంగతి. జూలైలో ముసురు పట్టిన వారం అది. నాయక్ అప్పటికి కాయిల్ చుట్టడం బాగా నేర్చుకున్నాడు. ముప్పై ఆరు స్లాట్ల స్టేటరులో, అంటే మోటారులో తిరగని భాగంలో, పేపరు పెట్టి, తీగ కూర్చి, దారంతో కట్టి, చుట్లు ఒక్కటి కూడా తేడా రాకుండా చేశాడు. వార్నిష్ వేశాక, "సాయంత్రానికి బిగించేయాలి" అని చెప్పి నేను సామాన్లకు వెళ్లాను. సాయంత్రానికి రెండూ బిగించి ఉన్నాయి. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పెట్టి చూడకుండానే పంపించాను. మోటార్లు తిరిగి వచ్చి, విప్పి చూస్తే లోపల వార్నిష్ ఆరనే లేదు. అడిగితే అతను నిటారుగా నిలబడి, "చేతికి జిగురుగానే తగిలింది ఉస్తాద్, కానీ మీరు సాయంత్రానికి బిగించమన్నారు కదా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, బద్ధకించలేదు. పదిహేనేళ్లకు పైగా ఏ అలవాటు అతని ప్రాణం కాపాడిందో ఆ అలవాటు ప్రకారమే నడుచుకున్నాడు. పై మనిషి చెప్పినదాన్ని ఆపి "ఇది సరికాదు" అనడానికి బయటి ప్రపంచంలో ఎవరి అనుమతీ అక్కరలేదని నేను అతనికి చెప్పి ఉండవలసింది. ఇప్పుడు ప్రతి మోటారుకూ ఒక చీటీ కడుతున్నాము. పని ఆపవలసి వస్తే చేసే మనిషే దాని మీద కారణం రాసి సంతకం చేస్తాడు. పోయిన వారం ఒక చీటీ మీద "ఆరలేదు, ఇవ్వవద్దు" అని అతని చేతిరాత చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

హవల్దారుది ఇంకో రకం ఇబ్బంది. తెల్లవారకముందే వచ్చి షట్టరు ముందు నిలబడేవాడు, రాత్రి తొమ్మిదైనా కదిలేవాడు కాదు. మొదట్లో నాకది లాభంగానే కనిపించింది, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత తెలిసింది, అతనికి ఇంటికి వెళ్లాలని లేదు. ఇన్నేళ్లూ ఏటా రెండు నెలల సెలవుకు వచ్చి, అందరి చేత మర్యాదలు చేయించుకుని వెళ్లిన మనిషి. ఫీజులు, కౌలు డబ్బు, బంగారం మీద తెచ్చిన అప్పు అన్నీ భార్య ఒక్కతే నడిపింది. ఇతను వచ్చీ రాగానే స్టోర్స్ లెడ్జరు తనిఖీ చేసినట్టు ఆమెను లెక్కలు అడిగాడు. ఆమె మాట్లాడడం మానేసింది. ఊళ్లో వాళ్లేమో పాత అలవాటు కొద్దీ "మళ్లీ ప్రయాణం ఎప్పుడు?" అని ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఇదంతా రాయమని అతనే అన్నాడు, తనలాంటివాళ్లు చదువుతారని. ఆగస్టు నుంచి అతను పాపను బడిలో దింపి పది గంటలకు వస్తున్నాడు, ఆరింటికి నేను పంపించేస్తున్నాను. ఈ మార్పు వల్ల రోజుకు కొన్ని గంటల పని తగ్గింది. ఆ గంటలను తిరిగి అడిగే ఉద్దేశం నాకు లేదు.

మూడో ఆయనకు నిద్ర పట్టదు. దాని గురించి ఇంతకంటే రాయను. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ మాకు దూరం, వెళ్లివస్తే రోజంతా పోతుంది. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రిపూట కూడా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చని తెలియనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఆ నంబరు మా గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను.

కాగితాల పని కూడా కొంత కాలాన్ని తింటోంది. సర్వీసు రికార్డులో పేరు ఒక తీరున, ఆధార్‌లో ఇంటిపేరుతో ఇంకో తీరున ఉండడం మన తెలుగువాళ్లకు మామూలే. భార్య పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా రేపు కుటుంబ పింఛను దగ్గర ఆమే తిరగవలసి వస్తుంది. మనిషి బతికి ఉండగానే సర్వీసు రికార్డులో ఇలాంటి వివరాలు నమోదు చేసే పార్ట్ టూ ఆర్డరు సరిచేయించుకోవాలి. అందుకని ప్రతి నెలా మొదటి గురువారం మధ్యాహ్నం నుంచి వర్క్‌షాపు మూసి ఉంటుంది. ఆ పూట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోని పనులు చూసుకుంటాము. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీ ఉద్యోగాల్లో మాజీ సైనికులకు పది శాతం, జాతీయీకరించిన బ్యాంకుల్లోని ఆ స్థాయి ఉద్యోగాల్లో పద్నాలుగున్నర శాతం కోటా ఉంది కదా, ఈ తీగ చుట్టే పని ఎందుకని కొందరు అడుగుతున్నారు. నాయక్ ఆ ఉద్యోగాల పరీక్షకే చదువుతున్నాడు. ఉద్యోగం వస్తే సంతోషంగా పంపిస్తాను, అప్పుడు మళ్లీ కొత్త మనిషికి నేర్పుతాను. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది నాలుగేళ్లకే, పింఛను లేకుండా, సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి అనే ఏకమొత్తంతో బయటికి వస్తారు. పాతికేళ్లకు అటూఇటూగా ఉండే ఆ పిల్లల్లో ఒకరికైనా పని నేర్పాలని నా కోరిక.

ఇప్పుడు మీకు రావలసినవి చెబుతాను. ఆలస్యమైన పదిహేడు మోటార్లకు తీసుకున్న కూలీలో సగం తిరిగి ఇస్తాను. కాలిపోయిన రెండింటికి కొత్త తీగతో సహా ఖర్చు పూర్తిగా నాదే, ఆ రైతులిద్దరినీ ఇంటికి వెళ్లి కలిశాను. ఐదు హెచ్‌పీ మోటార్లు మూడు కొని ఉంచాను. చీటీ మీద రాసిన తేదీకి మీది సిద్ధం కాకపోతే, అయ్యేదాకా వాటిలో ఒకటి అద్దె లేకుండా తీసుకువెళ్లవచ్చు. సబ్‌మెర్సిబుల్ మోటార్లకు మాత్రం ఈ ఏర్పాటు ఇంకా చేయలేకపోయాను. నవంబరు నుంచి కూలీ ఎనిమిది శాతం పెరుగుతుంది, తీగ ధర మేము కొన్న ధరే ఉంటుంది. అది భారమనుకునేవాళ్లు వేరే చోట చేయించుకుంటే నాకు ఏ మాత్రం కష్టం ఉండదు. పాత చీటీ పోయినా ఫరవాలేదు, మీ పేరు, మోటారు ఇచ్చిన నెల చెబితే పుస్తకంలో చూసి డబ్బు ఇస్తాము. నెలలో మొదటి గురువారం మధ్యాహ్నం తప్ప ఏ రోజైనా రండి.