జొన్నల వంటను పండగ పేజీలో వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో జొన్నలతో ఏ వంట వేసినా అది ఆరోగ్యం పేజీలోనే ఉంటుంది. పక్కన షుగర్ చూసుకునే మిషన్ బొమ్మ ఒకటి. పండగ ప్రత్యేక సంచిక తిరగేస్తే జొన్న మాటే కనిపించదు. నేను కర్నూలులో సాయంత్రం పూట జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. కొత్తగా వచ్చినవాళ్ళు రేటు కంటే ముందు "షుగర్‌కు మంచిదేనామ్మా" అని అడుగుతారు. మంచిదే నాయనా అంటాను. కానీ నోటికి బాగుంటుందని, ఊరుబిండి పచ్చడితో తినాలనిపించి వచ్చేవాళ్ళు ఏటేటా తగ్గిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. పెళ్ళిళ్ళలో కూడా అంతే. షుగర్ ఉన్నవాళ్ళకని ఒక మూల రొట్టెల బల్ల వేస్తారు. మిగతావాళ్ళు అటు తొంగి చూడరు.

మా పెద్దోడు క్రూయిజ్ ఓడలో వంట పని చేస్తాడు. ఓడ వెస్టిండీస్‌లోని బార్బడోస్‌లో ఆగినప్పుడల్లా బయటికెళ్ళి ఏం తిన్నాడో ఫోన్‌లో చెబుతాడు. 2024 జూన్ 29న మనవాళ్ళు టీ20 ప్రపంచ కప్పు గెలిచిన బ్రిడ్జ్‌టౌన్ ఆ దేశంలోదే. దీవి మొత్తం దాదాపు 430 చదరపు కిలోమీటర్లు, మన దగ్గర రెండు మండలాలంత కూడా ఉండదు. అక్కడి తిండి గురించి వాడు చెప్పినవాటిలో నన్ను బాగా పట్టుకున్నది జగ్ జగ్ అనే వంట. దాన్ని క్రిస్మస్‌కు చేస్తారు. అందులో పడేవి జొన్నపిండి, పచ్చి కందులు, ఉప్పులో నిలవబెట్టిన మాంసం.

చేసే పద్ధతి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది మన వంటింట్లో జరగని పనేం కాదు. కందులు, మాంసం కలిపి మెత్తగా ఉడికించి నీళ్ళు వేరే గిన్నెలోకి వారుస్తారు. ఉడికినవాటిని నూరి పక్కన పెడతారు. వార్చిన నీళ్ళలో జొన్నపిండి పోసి ఉండలు కట్టకుండా తిప్పుతూనే ఉంటారు. ఆ తర్వాత నూరిన ముద్ద, ఉల్లిపాయ, థైమ్ అనే వాసన ఆకు, వెన్న వేసి సన్న సెగ మీద గట్టిపడనిస్తారు. పండగనాడు పంది మాంసం పక్కన దీన్ని వడ్డిస్తారు.

దీని వెనక కథ కూడా తెలుసుకోవాలి. 1640ల నుంచి ఇంగ్లీషువాళ్ళు ఆ దీవి నిండా చెరకు వేశారు. పనికి ఆఫ్రికా నుంచి మనుషులను బానిసలుగా పట్టుకొచ్చారు. వాళ్ళకు తోటల యజమానులు కొలిచి ఇచ్చిన గింజల్లో ముఖ్యమైనది జొన్న. అది ఆఫ్రికా పంటే. కంది పుట్టింది మన దేశంలో. ఇక్కడి నుంచి ఆఫ్రికాకు, అక్కడి నుంచి బానిస ఓడల దారిన ఆ దీవులకు చేరింది. అప్పట్లో ఆ దీవికి పంపేసిన స్కాట్లాండ్ వాళ్ళు తమ ఊరి హ్యాగిస్ అనే వంటను గుర్తు చేసుకుని, ఓట్స్ బదులు జొన్నతో చేసుకున్నారని, అదే జగ్ జగ్ అయిందని అక్కడ చెప్పుకుంటారు. బానిసత్వం రద్దు చట్టం 1834లో అమల్లోకి వచ్చినా, ఆ బానిసలకు 1838కి గానీ పూర్తి విడుదల దొరకలేదు. అంత కష్టంలో తిన్న గింజను వాళ్ళు పండగ బల్ల మీద పెట్టుకున్నారు. ఈ కాలం పిల్లలు ఆ వంట తగ్గించేశారని మావాడు చెబితే, ఎవరో నా సొంతవాళ్ళ సంగతి విన్నట్టు కష్టంగా అనిపించింది.

వాళ్ళ దేశపు వంట ఏమిటంటే కూకూ, ఎగిరే చేప. మొక్కజొన్న పిండిని బెండకాయలు ఉడికించిన నీళ్ళలో వేసి, బల్లపరుపుగా ఉండే కట్టెతో చేయి నొప్పి పుట్టేదాకా తిప్పుతారు. మన సంగటి లాంటిదే. నవంబరు 30 వాళ్ళ స్వాతంత్ర్య దినం. 1966 నుంచి జరుపుకుంటున్నారు. ఆ నెలలో మొక్కజొన్న పిండి, కొబ్బరి, గుమ్మడి, చిలగడదుంప కలిపి అరిటాకులో చుట్టి ఆవిరికి పెడతారు. క్రిస్మస్‌కు ఎర్ర గోంగూర జాతి మొక్కతో పానీయం కూడా ఉంది. పువ్వు రాలాక కాయ చుట్టూ ఉండే ఎర్రటి దళసరి రేకులను అల్లం, లవంగాలు, దాల్చిన చెక్కతో వేడినీళ్ళలో నానబెట్టి, వడకట్టి, చక్కెర కలుపుతారు. పెద్దవాళ్ళు అందులో రమ్ము పోసుకుంటారు, అది లేకుండానే పిల్లలు తాగుతారు. మాబీ అని చెట్టు బెరడు కాచి చేసే చేదు పానీయం ఇంకొకటి. పూర్వం ఆడవాళ్ళు దాన్ని డబ్బాల్లో నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేవాళ్ళట. రోడ్డు పక్క అమ్ముకునే నాకు ఆ ఆడవాళ్ళ మీద గౌరవం కలిగింది.

మన దగ్గర జొన్న ఎందుకు వెనక్కి పోయిందో నా వయసువాళ్ళకు తెలుసు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను, ఎన్నో ఇళ్ళల్లో ఆకలి తీరింది. అయితే అన్నం తినడం పరువు, జొన్న తినడం లేనితనం అనే ఆలోచన కూడా బలపడింది. ఇప్పుడు లేనితనం పోయి రోగం వచ్చి కూర్చుంది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి ప్రకటించినప్పుడు కూడా నేను చూసిన బ్యానర్లన్నీ బీపీ, షుగర్ గురించే చెప్పాయి. మందులా తినే తిండిని పిల్లలు ఎందుకు ఇష్టపడతారు?

పోయిన డిసెంబరులో రైతుబజారుకు పచ్చి కందికాయలు బాగా వచ్చినప్పుడు నేను జగ్ జగ్ చేశాను. ఉప్పు మాంసం బదులు పొట్టేలు మాంసం, థైమ్ బదులు కొత్తిమీర, పచ్చిమిర్చి వేశాను. ఇరుగు పొరుగు పిల్లలు గిన్నె ఊడ్చి తిన్నారు. ఒక్కరూ షుగర్ మాట ఎత్తలేదు.

అందుకే నా మనవి. ఈసారి సంక్రాంతి సంచికలో అరిసెలు, భక్ష్యాల పక్కనే జొన్నపిండి, పచ్చి కందుల వంట కూడా వేయండి. భోగినాడు నువ్వులద్ది కాల్చే సజ్జరొట్టె కూడా వేయండి. ఆ మిషన్ బొమ్మ మాత్రం వద్దు. కొలతలు కావాలంటే నేనే రాసి పంపిస్తాను. పచ్చి కందికాయలు జనవరి దాటితే దొరకడం కష్టం కాబట్టి పండగకు ఒక వారం ముందే వేస్తే జనం చేసుకోగలుగుతారు.

ఇట్లు,
జొన్నరొట్టెలు అమ్ముకునే ఒక పాఠకురాలు,
కర్నూలు